వరకట్నమునకు మూలము



వరకట్నము తగదని మన మేటేటను తీర్మానించుచున్నాము. 1961లో చట్టమును దానిని నిషేధించినది. ఐనను అది తఱుగలేదు. పేరు మాత్రము మాఱి 'కానుక' యైనది. కొమ్మలు నఱకిన చెట్టు చిగుర్పక మానునా?

కుమార్తెకు పుట్టినింటి ఆస్తిలో పాలు లేదను తలంపే దీని వేరని నా మతము. "పెండ్లిలో ఇచ్చివేసితిమి గదా" యని తండ్రి యనును. "తరువాత నేమియు రాదు, ఇప్పుడే రాబట్టుకొందము" అని వియ్యంకుడనును. ఇది శాస్త్రసమ్మతమందురా? అవివాహితలగు తోబుట్టువులకు సోదరులు తమ భాగములనుండి నాలుగవ పాలు ఈయవలెనని మనుస్మృతియే విధించినది. హిందువుల ఉమ్మడి ఆస్తిలో కుమారునితో సమానహక్కు ఆంధ్రప్రదేశమున 1985లో అవివాహితలకును, దేశమంతట 2005లో కుమార్తెలందఱకును కలిగినది.

ఆ హక్కు పెక్కిండ్లలో కాగితము దాటలేదు. పండుగకు పిలిచి, పసుపుకుంకుమలతో చీర పెట్టి, రిజిస్ట్రారు కచేరికి తోడ్కొనిపోయి, విడుదల పత్రముపై వ్రాలు చేయించుకొను అన్నదమ్ములు మనలో లేరా? (చీర మాత్రము మంచిదే పెట్టుదురు!)

కావున ఈ యేడు కట్నము మాట కొంత తగ్గించి, ఆడుపడుచులచే విడుదల పత్రములు వ్రాయించుకొనబోమని సభ్యులు సంతకములు చేయుదురుగాక. మొదటి సంతకమునకు వేదికపైనున్న పెద్దలనే పిలుచుచున్నాను.