కారు బ్రేకు ప్యాడ్లు: ఇంటివద్ద చేయదగినది, చేయరానిది
(నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకులకు తిరుమల యాత్ర సొంత కారులో చేసే ప్రయాణం. తెల్లవారుజామున బయలుదేరిన కారు ముళబాగిలు దాటి, పలమనేరు తరువాత మొగిలి ఘాటు దిగి చిత్తూరు చేరుతుంది. దర్శనానంతరం మొదటి ఘాటు రోడ్డున మలుపు వెంట మలుపుగా కొండ దిగుతుంది. ఇంటిల్లిపాదినీ, డిక్కీ నిండిన సామానునూ ఆ దిగుడు దారులలో అదుపులో ఉంచేవి ప్రధానంగా ముందు చక్రాల వద్ద ఉండే నాలుగు ప్యాడ్లు. ఒక్కొక్కటి అరచేతిలో ఇమిడిపోయేంతటిది. వెనుక బ్రేకులు తోడ్పడినా, బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది గనుక అధిక భారం ముందువాటిపైనే పడుతుంది.

ప్యాడు అనగా ఇనుప పలకపై అతికించిన రాపిడి పదార్థం. కొత్తదానిలో ఆ పదార్థం సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు చేరేసరికి మార్పించడం క్షేమం. ఖచ్చితమైన పరిమితికి మాత్రం కారుతో ఇచ్చిన పుస్తకమే ప్రమాణం. కొన్ని ప్యాడ్లకు చిన్న ఇనుప నాలుక ఉంటుంది. ప్యాడు అరిగినప్పుడు అది డిస్కును తాకి సన్నగా కీచుమంటుంది. ఆ కీచుదనం పోయి గరగర శబ్దం వచ్చిందంటే ఇనుము ఇనుమును గీస్తున్నదని అర్థం. అప్పుడు డిస్కును కూడా పరీక్షింపజేయవలసినదే. ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో బ్రేకు ఆయిలు మట్టం కూడా కొంత తగ్గుతుంది. అది చూసి వెంటనే ఆయిలు పోసి సరిపెట్టుకొనడం చాలామంది చేసే పొరపాటు. మొదట చూడవలసినది ప్యాడ్లను.

ఈ పని ఇంటివద్ద చేసుకొనవచ్చునా? ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు, చేతితో లాగే హ్యాండ్ బ్రేకు గల సాధారణ చిన్న కారులో ముందు ప్యాడ్ల వరకు చేసుకొనవచ్చును. మీట నొక్కితే పనిచేసే ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కారులో వెనుక ప్యాడ్ల జోలికి పోరాదు. ఆయిలు కారుతున్నా, పెడల్ మెత్తగా దిగిపోతున్నా అది మెకానిక్ పని. బ్రేకు ప్యాడు అన్న మాటనే కన్నడ మెకానిక్కూ వాడుతాడు గనుక భాష రాదన్న సంకోచం అక్కరలేదు.

పనికి సమతలమైన గట్టి నేల కావలెను. రోడ్డు అంచు గాని, సెల్లారు ర్యాంపు గాని పనికిరావు. హ్యాండ్ బ్రేకు లాగి, గేరు వేసి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు పెట్టవలెను. చక్రపు నట్లను కారు నేలమీద ఉండగానే కొద్దిగా వదులు చేయవలెను. కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే ఉద్దేశించినది. దాని ఆధారంతోనే చేతులు లోపల పెట్టి పనిచేయడం ప్రాణాపాయం. పుస్తకంలో చూపిన చోట జాకీ స్టాండు నిలిపి, బరువు దానిపైకి దించి, విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టడం మేలు. స్టాండు జారినా ఆ చక్రం అడ్డుపడుతుంది.

ఒకేసారి రెండు వైపులా విప్పరాదు. ఒకవైపు పూర్తయ్యేవరకు రెండవది నమూనాగా పనికివస్తుంది. క్యాలిపర్ కింది బోల్టు తీసి, దానిని పైకి తిప్పి తీగతో కట్టవలెను. రబ్బరు గొట్టం మీద వేలాడనీయరాదు. నల్లటి ధూళిని నోటితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవవలెను.

పాత ప్యాడ్లు చేతికి వచ్చినప్పుడు కొంతసేపు ఆగి చూడవలెను. లోపలిదీ వెలుపలిదీ సమానంగా అరిగి ఉంటే సరే. ఒకటి పలచబడి మరొకటి మందంగా ఉంటే, క్యాలిపర్ జరిగే పిన్నులో, పిస్టనో బిగుసుకొని ఉన్నదన్నమాట. వారమంతా నిలిచి, ఆదివారం మాత్రమే కదిలే నగరపు కార్లలో పిన్నులు తుప్పు పట్టడం అరుదేమీ కాదు. ఆ లోపం సరిచేయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అదే విధంగా అరుగుతాయి. కారు బ్రేకు వేసినప్పుడు ఒక పక్కకు లాగవచ్చును. రద్దీగా ఉండే షెడ్డులో ఈ పరిశీలనకు తీరిక దొరకకపోవచ్చును. ఇంటివద్ద చేసుకొనడంలో అసలు లాభం ఇదే, మిగిలే కూలి కాదు. పిన్నులు తుడిచి, బ్రేకులకు తగిన సిలికాన్ గ్రీజు పలుచగా పూయవలెను. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. ప్యాడు ముఖానికి గాని డిస్కుకు గాని ఏ జిడ్డూ అంటరాదు. పిస్టను ఎంత నొక్కినా వెనుకకు జరగకపోతే పని అక్కడితో ఆపి మెకానిక్‌ను పిలిపించవలెను.

సాఫీగా ఉన్న పిస్టనును క్లాంపుతో నెమ్మదిగా నొక్కేటప్పుడు ఆయిలు డబ్బా మీద ఒక కన్ను ఉండవలెను. ముందే నింపి ఉంటే పొంగుతుంది. అది పడిన చోట పెయింటు పాడవుతుంది గనుక వెంటనే నీటితో కడగవలెను. కొత్త ప్యాడ్లు అమర్చి, బోల్టును పుస్తకంలో చెప్పిన బిగువుకు టార్కు రెంచితో బిగించి, చక్రపు నట్లను ఎదురెదురుగా బిగించవలెను.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. పిస్టను వెనుకకు పోయినందున ప్యాడుకూ డిస్కుకూ మధ్య ఖాళీ ఏర్పడి ఉంటుంది. మొదటిసారి తొక్కితే పెడల్ నేలను తాకుతుంది; కారు ఆగదు. సెల్లారులో వెనుక గోడ ఉండవచ్చును, ఆడుకొనే పిల్లలు ఉండవచ్చును. అందుచేత కారును అంగుళమైనా కదపక మునుపే, పెడల్ గట్టిపడేవరకు పలుమార్లు తొక్కవలెను. గట్టిపడకపోతే బండి కదలరాదు. తరువాత ఆయిలు మట్టం చూసి, ఆవరణలోనే నడక వేగంతో బ్రేకు పరీక్షించవలెను.

కొత్త ప్యాడ్లు డిస్కుకు ఒదగడానికి కొంత దూరం పడుతుంది. ఖాళీ రోడ్డున మధ్యస్థ వేగం నుండి నెమ్మదిగా వేగం తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ, కొన్నిసార్లు నడపవలెను. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు హఠాత్తుగా బ్రేకు తొక్కే అవసరం రాకుండా చూసుకొనవలెను. ప్యాడ్లు మార్చిన మరునాడే కొండకు బయలుదేరడం తగదు. ఒక వారం వ్యవధి ఉండవలెను. ఘాటు దిగేటప్పుడు తక్కువ గేరులో దిగితే ఇంజనే కొంత భారం మోస్తుంది. ఎడతెగకుండా బ్రేకు తొక్కి ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గుతుంది. తేమ పీల్చిన పాత ఆయిలు మరిగి పెడల్ దిగిపోవచ్చును. ఆయిలును సాధారణంగా రెండేళ్లకొకసారి మార్పించవలసినది ఇందుకే.

మిగిలిన బ్రేకు ఆయిలును వాన కాలువలో గాని స్నానపు గది తూములో గాని పోయరాదు. మూత ఉన్న సీసాలో పట్టి, వాడిన ఆయిళ్లు సేకరించే వర్క్‌షాపులో ఇవ్వవచ్చును. పాత ప్యాడ్లు ఇనుప సామాను కొనేవారికి చేరవలెను.