ఇంటికి తగిన కంప్యూటరు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సమయమున ల్యాప్‌టాపును గూర్చియు, ట్యాబును గూర్చియు ప్రసంగ మెందుకని కొందరికి సందేహము కలుగవచ్చును. 1914వ సంవత్సరమున బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిననాడు పెద్దల ముందున్న ప్రశ్న ఒక్కటే: చదువదగినది పేదవాని చేతికి అందుట ఎట్లు? అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలైనవారు ఆ ప్రశ్నకే జీవితములను ధారపోసిరి. నేడు చదువదగిన దానిలో పెద్దభాగము గాజుతెరమీదికి చేరినది. తెలుగు వికీపీడియా 2003లో మొదలైనది. పాత తెలుగు గ్రంథములు వేలకొలది అంతర్జాలమున ఉచితముగా లభించుచున్నవి. బడిపాఠములు 2017లో ఆరంభమైన దీక్షా వేదికలో ఉన్నవి. రైతు అడంగలు సైతము మీభూమిలో కనబడును. ప్రశ్న మాత్రము మారలేదు, సాధనము మారినది.

విడపనకల్లు వంటి చోట ఈ ప్రశ్న మరింత బరువైనది. సాలున సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు జిల్లా ఇది. ఆ వానయైనను వేళకు పడునన్న నమ్మకము లేదు. వేరుసెనగయో, పప్పుసెనగయో అమ్మి, అప్పు తీర్చి, విత్తనమునకు కొంత తీసిపెట్టి, మిగిలిన సొమ్ముతో రైతు పిల్లవానికో, పిల్లకో ఒక యంత్రము కొనును. పట్టణమున నెలజీతగాడు తప్పు కొనుగోలు చేసినచో ఆరు నెలలలో తేరుకొనును. మెట్టరైతునకు మరల అంత సొమ్ము చేతికి వచ్చుటకు రెండు మూడు పంటలు పట్టవచ్చును. ఈలోగా బిడ్డ చదువు ఆగదు, పరీక్షలు ఆగవు. కావున ఈ కొనుగోలు వేడుక కాదు. ఎద్దును కొనునంతటి వ్యవహారము.

సంతలో ఎద్దును కొనువాడు ఏమి చేయును? అది మెట్టదుక్కికా, బండికా, కపిలకా అని ముందుగా ఇంటివద్దనే తేల్చుకొనును. పిదప పండ్లు చూచును, గిట్టలు చూచును, నడిపించి చూచును. కొమ్ములకు పూసిన రంగు చూచి బేరమాడడు. కంప్యూటరు విషయమునను నియమ మిదియే. పని ముందు, యంత్రము తరువాత, ధర ఆ తరువాత.

ధరనే ముందుంచుకొన్నచో ఏమగునో చెప్పుటకు తెలుగుదేశముతో సంబంధముగల దృష్టాంతము ఒకటి కలదు. 2011 అక్టోబరు 5వ తేదీన ఢిల్లీలో కేంద్రప్రభుత్వము ‘ఆకాశ్’ అను ట్యాబును ప్రవేశపెట్టినది. లోకములో కెల్ల చౌకయైన ట్యాబు అని పేరు పొందిన ఆ యంత్రమును హైదరాబాదులో కూర్చిరి. ప్రభుత్వమునకు అది సుమారు 2,250 రూపాయలకు వచ్చినది. ఉద్దేశము మిక్కిలి గొప్పది. కాని అందులోని ర్యామ్ 256 ఎంబీ మాత్రమే. తెర నొక్కిపట్టినగాని పలుకదు. బ్యాటరీ రెండు మూడు గంటలకే అడుగంటును. మరుసటి సంవత్సరము నవంబరులో ర్యామును రెట్టింపు చేసి, మంచి తెర అమర్చి ‘ఆకాశ్ 2’ను తేవలసివచ్చినది. చౌక దోషము కాదు. పనికి చాలని చౌకయే దోషము.

రెండవ దృష్టాంతము ఇంకను దగ్గరిది. 2022 డిసెంబరు 21వ తేదీన బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచినది. విద్యార్థులు నాలుగున్నర లక్షలకు పైబడినవారు, ఉపాధ్యాయులకును ఇచ్చిరి. వీడియో పాఠములను ముందుగానే ట్యాబులో నింపి ఇచ్చుట అందలి మేలు. నెట్‌వర్కు అందని ఇంట కూడ పాఠము నడచినది. అయితే ఆ పాఠములు కూర్చిన బైజూస్ సంస్థ 2024 జూలైలో దివాలా విచారణకు లోనైనది. దీనినుండి గ్రహింపవలసినది ఒకటి కలదు. యంత్రము మంచిదైనను, దానిలోని పాఠములు ఒకే సంస్థ అనుగ్రహము మీద ఆధారపడి ఉండరాదు. ఎక్కడనైనను తెరువదగిన పీడీఎఫ్ పుస్తకము, మెమరీకార్డులో భద్రపరచుకొనదగిన పాఠము స్థిరమైన ఆస్తి.

ఇక పనిని బట్టి ఎంపిక. ఇంటిపనులు రెండు తరగతులు. చూచుట, చదువుట, వినుట మొదటి తరగతి; పాఠము, సినిమా, వార్తాపత్రిక, వీడియో మాట ఇందులోనివి. దీనికి ట్యాబు చాలును. వ్రాయుట, లెక్కలు వేయుట, పట్టికలు కూర్చుట, ప్రోగ్రాములు నేర్చుకొనుట రెండవ తరగతి. డిగ్రీ, పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ విద్యార్థులకును, కంప్యూటరు మీద జరుగు ఉద్యోగ పరీక్షలకు సాధన చేయువారికిని ల్యాప్‌టాపు కావలెను. ట్యాబునకు కీబోర్డు తగిలించినంత మాత్రమున అది ల్యాప్‌టాపు కాదు. కళాశాలలో నేర్పు ప్రోగ్రాములు పెక్కు దానిపై నడువవు. ఇంట మంచి స్మార్ట్‌ఫోను ఉండి, సినిమాలు చూచుట తప్ప వేరు పని లేనివారు రెండును కొనకున్న లోటు లేదు.

ల్యాప్‌టాపు కొనువారు పరీక్షింపవలసిన గుణములు మూడు. మొదటిది ర్యామ్. ఇది పని చేయునపుడు కాగితములు పరచుకొను బల్లవంటిది. బల్ల ఇరుకైన పని సాగదు. విండోస్ 11 నడచుటకు 4 జీబీ కనీసమని దాని తయారీదారులే చెప్పుదురు. కనీసముతో యంత్రము లేచునే గాని పరుగెత్తదు. 8 జీబీ తీసికొనుట మేలు. తరువాత పెంచుకొనుటకు లోపల వీలున్నదా అనియు అడుగవలెను. రెండవది నిల్వ, అనగా వస్తువులు దాచు కొట్టు. ఎస్‌ఎస్‌డి అను రకము 256 జీబీయైనను ఉండవలెను. తక్కువ ధర యంత్రములలో 64 జీబీ ఈఎంఎంసీ నిల్వ పెట్టుదురు. విండోసే అందులో చాలభాగము ఆక్రమించి, కొత్త మార్పులు దిగుటకు చోటు మిగులదు. మూడవది ప్రాసెసరు. ‘ఐ7’ అన్న పేరు చూచి భ్రమపడరాదు. పది పండ్రెండేండ్లనాటి ఐ7 కంటె ఇటీవలి ఐ3 మెరుగుగా పని చేయవచ్చును. పేరు కాదు, ఏ తరమునకు చెందినదో చూడవలెను.

పాతవి కొనువారికి ఈ తరముల లెక్క మరింత ముఖ్యము. గుంతకల్లులోను, బళ్ళారిలోను, బెంగుళూరులోను కార్యాలయములు వాడి విడిచిన ల్యాప్‌టాపులు సగము ధరకును, అంతకు తక్కువకును దొరకుచుండును. వానిలో మంచివి లేకపోలేదు. కాని విండోస్ 10కి ఉచిత రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 సక్రమముగా ఎక్కుటకు ఇంటెల్ ఎనిమిదవ తరమో, దాని తరువాతిదో కావలెను. ఐ5 అను పేరు ప్రక్క 8250 వంటి అంకె ఉన్నచో ఎనిమిదవ తరము. 4300 వంటి అంకె ఉన్నచో నాలుగవ తరము. అట్టి పాతది ఇదివరకే ఇంట ఉన్నచో పారవేయ నక్కరలేదు. లినక్సు అను ఉచిత వ్యవస్థను ఎక్కించినచో వ్రాతకును, చదువునకును ఇంకను కొన్నియేండ్లు పనికివచ్చును. కేరళ ప్రభుత్వ పాఠశాలలు అట్టి వ్యవస్థతోనే బోధన సాగించుచున్నవి. తెలుగువారిలో ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు మెనూలతో దానిని సిద్ధపరచినది. పాతదాని బ్యాటరీ ఎంత అరిగినదో విండోస్‌లోని బ్యాటరీ నివేదిక తెలుపును. అది చూపమని అమ్మువానిని అడుగుటకు సంకోచము వలదు.

ట్యాబు కొనువారు 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, మెమరీకార్డునకు చోటు ఉన్నవా అని చూడవలెను. ఆండ్రాయిడ్ రక్షణ మార్పులు ఎన్ని యేండ్లు వచ్చునో అడుగవలెను. అవి ఆగిన తరువాత ఆ యంత్రముపై బ్యాంకు వ్యవహారము నడుపుట మంచిది కాదు. వైఫై మాత్రమే గల ట్యాబు చౌక. సిమ్ పట్టునది ప్రియము. ఫోనులోని నెట్టును హాట్‌స్పాటు ద్వారా ట్యాబునకు ఇచ్చుకొనవచ్చును గనుక, చాల ఇండ్లకు వైఫై రకము చాలును. సినిమాలు చూచువారు ఎరుగవలసిన రహస్యము ఒకటి కలదు. వైడ్‌వైన్ అను తాళపుచెవి ఎల్1 స్థాయిలో లేని ట్యాబుపై, తెర ఎంత గొప్పదైనను, నెట్‌ఫ్లిక్స్ మొదలగువాని చిత్రములు మసకగానే కనబడును. డబ్బాపై ఈ మాట ఉండదు. కొనకముందే అడిగి తెలిసికొనవలెను.

స్ట్రీమింగ్ అనగా నీళ్ళ ట్యాంకరు వంటిది, వాడినకొలది ఖర్చు. నెట్‌ఫ్లిక్స్ వారి లెక్క ప్రకారము సాధారణ స్పష్టతతో గంటకు 1 జీబీ వరకును, హెచ్‌డీ స్పష్టతతో 3 జీబీ వరకును డేటా హరించును. రెండున్నర గంటల తెలుగు సినిమా హెచ్‌డీలో చూచినచో ఏడున్నర జీబీ. దినమునకు 2 జీబీ ఇచ్చు రీఛార్జితో అది మూడవవంతైనను పూర్తికాదు. అయితే చిన్నతెరపై సాధారణ స్పష్టతకును, హెచ్‌డీకిని భేదము కంటికి అంతగా ఆనదు. కావున స్పష్టతను తగ్గించి చూచుటయో, వైఫై ఉన్నచోట దింపుకొని ఇంట చూచుటయో వివేకము. యంత్రము ధర ఒకసారి ఇచ్చునది. రీఛార్జి ప్రతినెల ఇచ్చునది. రెండును కలిపి మూడేండ్లకు లెక్క కట్టినవాడే నిజమైన ధర ఎరిగినవాడు.

కరెంటు ఖర్చు ఈ లెక్కలో స్వల్పము. 50 వాట్ల ల్యాప్‌టాపు దినమునకు 4 గంటలు నడచినచో నెలకు 6 యూనిట్లు. ట్యాబు దినము విడువక నింపినను నెలకు ఒక యూనిట్ సుమారు. అసలు శత్రువు ఎండ. లిథియం బ్యాటరీకి వేడి పనికిరాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఈ సీమలో రేకులకప్పు క్రింద, పరుపుమీద, కారు అద్దము వెనుక ఉంచి ఛార్జి చేయుట దాని ఆయువును కోయుటయే. నల్లరేగడి దుమ్ము ఫ్యానులో చేరును గనుక ల్యాప్‌టాపును బట్టకప్పి ఉంచుట, ఏడాది కొకసారి శుభ్రపరచుట అవసరము. బ్యాటరీయే మంచిదైనచో కరెంటు పోయినను పాఠము ఆగదు. బల్లమీది పెద్ద కంప్యూటరుకంటె ల్యాప్‌టాపున కిదియే పల్లెలో ఆధిక్యము.

బేరమున జాగ్రత్తలు కొన్ని. యంత్రముపైనను, ఛార్జరుపైనను భారత ప్రమాణముల సంస్థ గుర్తును, ‘ఆర్’ అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యయు ఉండవలెను. జీఎస్టీ బిల్లు తీసికొనవలెను; బిల్లు లేని తగ్గింపు వారంటీని పోగొట్టుకొనుటయే. మరమ్మతుకు ఎంతదూరము పోవలెనో ముందే కనుగొనవలెను. వాయిదాలపై కొనువారు నెలసొమ్మును మాత్రమే చూడక, అన్ని వాయిదాలును, రుసుములును కూడి ఎంతయగునో కాగితముపై వ్రాయించుకొనవలెను. మోసము జరిగినచో జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు పెట్టవచ్చును.

ఇద్దరు పిల్లలుగల ఇంటిని ఊహింతము. ఒకరు ఎనిమిదవ తరగతి, ఒకరు డిగ్రీ. చేతిలోని సొమ్ము ఒక్క యంత్రమునకే చాలును. అప్పుడు డిగ్రీ బిడ్డకు ల్యాప్‌టాపు కొనుటయే న్యాయము. చిన్నవాడు దానిపై పాఠము చూడగలడు. పెద్దబిడ్డ మాత్రము ట్యాబుపై తన పని చేయలేదు. ఆడపిల్ల డిగ్రీ చదువుచుండగా మగపిల్లవాని ఆటకై ట్యాబు కొనుట వంటి పొరపాటు ఏ ఇంటను జరుగకుండుగాక.

ఒక్క యంత్రమునకును సొమ్ము చాలని ఇండ్లు కలవు. గ్రంథాలయ ప్రయోజనము అక్కడ మొదలగును. పదిమంది ఒక్క పుస్తకమును చదువుకొనుటకే గ్రంథాలయములు పుట్టినవి. 8 జీబీ ర్యామ్ గల రెండు ల్యాప్‌టాపులు, ఒక వైఫై కనెక్షను, వంతు వ్రాసికొను ఒక రిజిస్టరు ఉన్నచో, ఇంట యంత్రము లేని బిడ్డయు పరీక్షకు దరఖాస్తు పెట్టుకొనగలదు, పాఠము దింపుకొనగలదు. కొనదలచినవారు ముందుగా అక్కడనే నెలరోజులు వాడి, తమకు కావలసినదేదో తెలిసికొని, పిదప అంగడికి పోవచ్చును. కాడి కట్టి చూచిన తరువాతనే గదా ఎద్దు బేరము!

చందాదారులు ఈ సంగతి ఆలోచింతురు గాక. వాన చాలని నేలపై చెమటోడ్చి దాచిన ప్రతి రూపాయియు బిడ్డల విద్యగా పండుగాక.