సెన్సర్ పెద్దదా, లెన్స్ వేగమా?

2012లో జేబులో పట్టే రెండు కెమెరాలు వచ్చాయి. సోనీ ఆర్ఎక్స్100లో ఒక అంగుళం రకం సెన్సర్. అంగుళమన్నది పేరుకే, కొలిస్తే వెడల్పు 13.2 మిల్లీమీటర్లు, ఎత్తు 8.8. పానసోనిక్ ఎల్ఎక్స్7 సెన్సర్ వైశాల్యం అందులో సుమారు మూడోవంతు. కానీ దాని లెన్స్ ఎఫ్ 1.4 దాకా తెరుచుకుంటుంది, సోనీది 1.8 దాకానే. ఈ అంకె ఎంత తగ్గితే అంత వెలుగు లోపలికి వస్తుంది.

జూమ్ చేయకుండా తీస్తే సోనీదే పైచేయి. పానసోనిక్ లెన్స్ ఒకటిన్నర రెట్లకు పైగా వెలుగు రానిచ్చినా, మూడు రెట్ల సెన్సర్ ముందు అది చాలదు. అదే ట్యూబ్‌లైటు వెలుతురులో, గది అవతలి మూల ఆడుకుంటున్న పాపాయి మొహం కోసం జూమ్ పూర్తిగా లాగారనుకోండి. సోనీ లెన్స్ 4.9కి ముడుచుకుపోతుంది, పానసోనిక్ 2.3 దగ్గరే నిలుస్తుంది. వెలుగులో తేడా నాలుగున్నర రెట్లు! పెద్ద సెన్సర్ గొప్పంతా అక్కడ చెల్లిపోతుంది.

అందుకే ప్రకటనల్లో ఊరించే మొదటి ఎఫ్ అంకెను నేనంతగా పట్టించుకోను, జూమ్ పూర్తిగా లాగినప్పుడు ఉండే రెండోది చూస్తాను. 2014లో సోనీయే ఆర్ఎక్స్100 మూడో మోడల్లో ఆ రెండో అంకెను 2.8కి దించింది. బదులుగా, 35 ఎంఎం లెక్కలో 100 దాకా వెళ్లే జూమ్‌ను 70కి కుదించింది. చెట్టుమీది పిట్టను తీయాలనుకునేవారికి ఆ బేరం గిట్టదు.