చవక ఇయర్‌బడ్స్ కొనేముందు

వెయ్యి రూపాయల ఇయర్‌బడ్స్ పెట్టె మీద ‘40 గంటలు’ అని పెద్దగా కనిపిస్తే, అది సాధారణంగా చార్జింగ్ కేసుతో కలిపి చెప్పే లెక్క. చెవిలో ఒక్క చార్జింగ్‌తో ఎంతసేపు మోగుతాయో చిన్న అక్షరాల్లో వెతుక్కోవాలి. అసలు తిరకాసు రొద తగ్గించే ఇఎన్‌సి, ఏఎన్‌సి దగ్గరుంది. ఇఎన్‌సి మీ మైకులో దూరే రొదను తగ్గిస్తుంది. ఆ లాభం ఫోన్లో అవతలివారిది. బస్సు హోరు మీకు తగ్గాలంటే ఏఎన్‌సి ఉండాలి. సిలికాన్ టిప్ చెవికి సరిగ్గా అమరినా చాలా రొద ఆగుతుంది, వదులైతే బేస్ కూడా పోతుంది. పెట్టెలో వేరే సైజులు ఇస్తారు, మనమే తీసి చూడం! ఐపిఎక్స్4 అంటే చెమటకీ చినుకులకీ ఓర్చుకుంటాయని, బకెట్లో పడితే కాదు. లోపలి బుల్లి బ్యాటరీ మార్చడం దాదాపు కుదరదు. కాబట్టి వారంటీ ఎన్నాళ్లో, సర్వీస్ సెంటర్ మీ దగ్గర్లో ఉందో లేదో ముందే కనుక్కోండి.