గంగమీద ఒక ఉదయము
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వెంకటమ్మనహళ్లి నుండియు, చుట్టుపట్ల పల్లెల నుండియు మేము 42 మందిమి ఉత్తరదేశ యాత్రకు పోయి వచ్చిన సంగతి మీలో చాలమంది యెరుగుదురు. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు కోరినారు. 16 దినముల సంగతులన్నియు చెప్పబూనినచో ఈ రాత్రి మన బాలబాలికల నాటకము సాగదు. కావున కాశీలో పడవమీద గడపిన ఒక్క ఉదయమును గూర్చియే విన్నవించెదము.

మా ప్రయాణము పడకలు గల బస్సులో. వెనుక అరలో బియ్యము, రాగిపిండి, వేరుసెనగలు, గ్యాసుపొయ్యి. నిలిచిన చోటనే వంట. పెనుగొండ దగ్గర పెద్ద రోడ్డెక్కి హైదరాబాదు, నాగపురము, జబ్బల్‌పూరు మీదుగా పోతిమి. పూర్వము ఏడవ నంబరు జాతీయ రహదారి యనబడిన త్రోవ యిదియే. దాని ఒక కొస కన్యాకుమారి, రెండవ కొస కాశి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, ఈ మూడు పట్టణముల మీదుగనే ఉత్తరమునకు పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరినారు. పరివారముతో, డేరాలతో పదునైదు నెలలకు పైబడిన యాత్ర అది. ఆయన ఎప్పటికప్పుడు వ్రాసిన సంగతులు 1838లో అచ్చుపడి ‘కాశీయాత్ర చరిత్ర’గా మనకు దక్కినవి. మా బస్సులో దినచర్య వ్రాసినవారు ఒక్కరును లేరు. ఫోటోలు మాత్రము వేలకొలది.

మన పావగడ తాలూకావారికి నది యనగా ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. ఉత్తర పినాకిని నాగలమడికె దగ్గర మన తాలూకాలో పారుననుట నిజమే. అయినను మన పిల్లలు ఆ యేటిలో నీటికంటె ఇసుకనే యెక్కువ చూచినారు. అట్టివారు తెల్లవారుజామున కేదారఘట్టము మెట్లు దిగి గంగను చూచి మాట లేక నిలిచిపోయిరి. ఒక చిన్నవాడు మాత్రము, “ఇన్ని నీళ్లు ఊరికే పోతా వుండాయే!” అనెను.

చేతి తెడ్ల పడవలు రెండు కుదుర్చుకొంటిమి. బేరము పావుగంట పట్టినది. దానిని గూర్చి చెప్పుట మాకంత గౌరవము కాదు. లైఫ్‌జాకెట్లు తొడుగుమనగా పెద్దలు కొందరు, గంగలో పోయినను పుణ్యమే గదా యని ప్రక్కన పెట్టిరి. పడవవాడు వినలేదు. అందరును తొడుగువరకు త్రాడు విప్పలేదు. అతడు చేసినదే సరి.

అతడు తెలుగు మాట్లాడెను. అది అతని మాతృభాష కాదు; యాత్రికుల నోట విని నేర్చినది. 2023 ఏప్రిలులో గంగా పుష్కరములు వచ్చినప్పుడు తన చెవిని తెలుగు తప్ప మరొకటి పడలేదని చెప్పెను. “మీది ఆంధ్రయా, తెలంగాణయా?” అని అడిగెను. కర్ణాటకమంటిమి. వెంటనే కన్నడములోనికి దిగి రెండు మాటలాడెను. అంతలో మా అవ్వలు తమలో తాము తెలుగున ముచ్చటించుకొనుట విని, తెడ్డు ఆపి మా ముఖములు చూచెను. ఈ సందేహము మనకు క్రొత్తది కాదు గదా! తుమకూరులో నొక విధముగను, అనంతపురములో నొక విధముగను దీనికి సమాధానము చెప్పుచునే యున్నాము.

దశాశ్వమేధము, జయపుర మహారాజు సవాయి జయసింహుని వేధశాల గల మానమందిరము దాటి, మణికర్ణిక పొగ కనబడుచుండగా పడవ నడిగంగకు చేరినది.

మాలో ఒక అవ్వ కలదు. ముందునాడు గట్టుమీద ఆమె యింటివారి శ్రాద్ధము జరిగినది. అక్కడ పురోహితుడు అడిగినది మూడు తరముల పేర్లు. ఆమెకు మనస్సు తీరలేదు. భర్త బ్రతికియుండగా వ్రాసియిచ్చిన కాగిత మొకటి ఆమె యొడిలో నుండెను. అందు 23 పేర్లు. బిడ్డలు లేక పోయినవారు, కరవుకాలమున ఊరు విడిచి తిరిగి రానివారు, ఆ యింట బ్రతుకంతయు చేసిన సేద్యగాడు, పురిటిలోనే పోయిన పసికందునకు పెట్టదలచిన పేరు. ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క పువ్వు గంగలో విడువవలెనని ఆమె కోరిక. ఆమెకు చదువు రాదు.

కాగితము మనుమని కిచ్చెను. అతడు బెంగుళూరులో ఇంజనీరు. ఇంట తెలుగే మాట్లాడును గాని అక్షరము లెరుగడు. కన్నడము చదివినవాడు గనుక రెండు లిపులకు గల పోలికను బట్టి మొదటి పేరు ఎట్లో పోల్చుకొనెను. రెండవదానియందు తకారము దగ్గర ఆగెను. మూడవదానిని ఊహించి చెప్పగా అవ్వ, “ఆ పేరు గలోడు మా వంశంలో ల్యాడు నాయనా” అనెను. మాలో తెలుగు చదువ వచ్చిన పెద్దలు ముగ్గురును రెండవ పడవలో నుండిరి. మా పడవలోనివారమందరము కన్నడ బడులలో చదివినవారమే. పడవవాడు మాట్లాడునే గాని చదువలేడు. అవ్వ కాగితమును తిరిగి తీసికొని మడువసాగెను. ఆమె ఏడ్వలేదు. ఏడ్చినను మాకంత కష్టముగా నుండెడిది కాదు.

అప్పుడు మన పాఠశాలలో ఏడవ తరగతి చదువుచున్న బాలిక, “అవ్వా, నేను చదువుతా” నని ముందుకు వచ్చెను. ఈ బాలిక తండ్రియే నిరుడు మా యొద్దకు వచ్చి, తెలుగు గంట తీసివేసి ఆ వేళ లెక్కలు చెప్పించుమని కోరినారు. ఆయన ఈ సభలోనే యున్నారు, నవ్వుచున్నారు గనుక చెప్పుచున్నాము. ఆనాడు మేమును సగము ఒప్పుకొంటిమి.

ఆమె చదువగనే అందరమును ఆ ప్రక్కకు జరిగితిమి. పడవ ఒరిగెను. “కూర్చోండి! ఎక్కడివాళ్లక్కడే!” యని పడవవాడు అరచెను. పిమ్మట ఎవ్వరును కదలలేదు. ఒక్కొక్క పేరు, ఒక్కొక్క బంతిపువ్వు. పదునేడవ పేరు చెమ్మ తగిలి అలికిపోయి యుండెను. బాలిక ఊహింపలేదు. మొదట ‘వెం’, చివర ‘మ్మ’ అని కనబడినంతవరకే చదివి ఆగెను. అవ్వ మొదటిసారిగా నవ్వి, “మన ఊరి పేరే కద పాపా” అనెను.

తిరుగు ప్రయాణమున నాగపురము దాటువరకు మనుమడు ఆ బాలిక ప్రక్కన కూర్చుండి 23 పేర్లను నోటుపుస్తకములో దిద్దుకొనెను. అతనికి శకారము ఇంకను కుదరలేదని బాలిక చెప్పుచున్నది.

నాటకమునకు వేళయైనది. సెలవు.