కార్బను నార కత్తిపిడి: నునుపు దిద్దు పని



సంగీత సాహిత్య ప్రసంగములకు అలవాటుపడిన ఈ వేదికపై కత్తిపిడిని గురించి మాట్లాడుట కొందరికి వింతగా తోచవచ్చును. చేతిపని కూడ సంస్కృతిలోనిదే యని నా నమ్మకము. మన యూళ్లలో కమ్మరి కొట్టిన కత్తికి తుమ్మకర్రతోనో, కొమ్ముతోనో పిడి అమర్చెడివారు. నేడు పలు దేశములందు తీరిక వేళల చాకులు చేసికొనువారిలో కొందరు కర్రకు బదులుగా కార్బను నార పలకలను వాడుచున్నారు. ఇది తేలిక, గట్టి. తడికి ఉబ్బదు, ఎండకు బీటలు వారదు. ఆ పలకను అరగదీసి నునుపు దిద్దు పనియే నేటి నా విషయము.

ముందుగా ఆ పదార్థమెట్టిదో చెప్పవలెను. 1959 ప్రాంతమున జపాను దేశములో, ఒసాకా నగరపు ప్రభుత్వ పారిశ్రామిక పరిశోధనాలయమందు అకియో షిండో అను శాస్త్రజ్ఞుడు పాలియాక్రిలోనైట్రైల్ అను కృత్రిమపు నూలును కాల్చి కార్బను తంతువుగా మార్చు పద్ధతిని రూపొందించెను. ఆయనయు మనవలె సర్కారు కొలువులోనివాడే యని చెప్పుకొనుట నాకు సంతోషము. తంతువు లావు 5 మొదలు 7 మైక్రోమీటర్లు, అనగా తలవెంట్రుకలో ఇంచుమించు పదవ వంతు. సామాన్యపు రకములో అట్టివి 3,000 చేరి ఒక పోగగును. ఆ పోగులను పడుగు పేకలుగా నేసి, ఆ గుడ్డను పొరలుగా పేర్చి, ఎపాక్సీ జిగురుతో తడిపి, ఒత్తిడిలో గట్టిపరతురు. కనుక మనము రుద్దునది గుడ్డయు జిగురును కలిసిన వస్తువు. జిగురు మెత్తన, తంతువు కఠినము. రెంటిని ఒకే మట్టమునకు తెచ్చుటలోనే పనితనమంతయు నున్నది.

పిడిని గుండ్రముగా దిద్దుకొలది పై పొర తెగి క్రింది పొర బయటపడును. సర్వే పటములలో కొండ చుట్టును గీయు రేఖలవలె నేత గీతలు పిడి అంచుల వెంబడి వంపులు తిరుగును. ఆ యందము రంగువేసి తెచ్చినది కాదు, అరగదీయగా తేలినది. అయితే కుడివైపున ఒక పొర ఎక్కువ పోయినచో ఎడమవైపు గీతలతో పొంతన కుదరదు. పోయిన పొర మరల రాదు. అందుచేత పని నడుమ నడుమ రెండు వైపులను సరిపోల్చుకొనుచుండవలెను.

ఇక ముఖ్యమైన మాట, ధూళి. ఈ తంతువు రాతినారవలె సాధారణముగా నిలువున చీలదు, అడ్డముగా తునుగును. కావున దాని లావు తగ్గదు, ఊపిరితిత్తుల అట్టడుగు వరకు పోవుట అరుదు. ఈ మాట చెప్పి కొందరు ధైర్యము పలుకుదురు. అది సగము సత్యము. రుద్దునప్పుడు లేచునది తంతువు ముక్కలు మాత్రమే కాదు. నలిగిన తునియలు, జిగురు పొడియు నుండును. అవి మిక్కిలి సన్ననివి, ఊపిరితో లోనికి పోవును. పెద్ద ముక్కలు చర్మమున గ్రుచ్చుకొని దురద పుట్టించును. పైగా ఆ ధూళి విద్యుత్తును ప్రసరింపజేయును. మోటారులోనికి చొచ్చినచో షార్టు సర్క్యూటు కావచ్చును. క్వార్టర్సులలో నివసించువారికి వేరే పనిశాల యెక్కడిది? వరండాయే పనిశాల, అక్కడనే పిల్లల చదువు, అక్కడనే ఆరవేసిన బట్టలు. కాబట్టి ఈ పదార్థమును పొడిగా రుద్దరాదని నేను గట్టిగా చెప్పుచున్నాను. నల్లని వాటర్ పేపరును సబ్బుచుక్క కలిపిన నీటిలో తడిపి రుద్దవలెను. ముక్కునకు ముఖమునకు చక్కగా అంటుకొను ధూళి మాస్కు ధరింపవలెను, చేతిరుమాలు చాలదు. పని ముగియగానే ఆ నల్లనీటిని తడిబట్టతో ఒత్తి తీసి సంచిలో కట్టి పారవేయవలెను. ఎండనిచ్చినచో అది తిరిగి ధూళియే.

పనిలో ఒక క్రమము కలదు. అలుగు వైపునకు తిరిగియుండు పిడి మొనలను పలకలు అంటింపక ముందే పూర్తిగా మెరుగుపెట్టవలెను. అంటించిన పిదప అక్కడ కాగితము ఆడింపబోయినచో ఉక్కుపై గీతలు పడును. అలుగునకు నూనె రాసి టేపు చుట్టి యుంచవలెను. అంచునకు పదును పెట్టుట అన్నిటికన్న చివరి పని. తరువాత 120 నంబరు కాగితముతో ఆకారము దిద్ది, 220, 400, 600 నంబర్లకు సాగవలెను. చదునైన చోట కాగితము వెనుక గట్టి చెక్క యుండవలెను. వ్రేలితో నొక్కినచో గుంటలు పడును. వంపులపై గుడ్డపట్టీవంటి కాగితమును బూటు పాలిషు చేయునట్లు ఇటునటు లాగవలెను. నంబరు మారినప్పుడెల్ల రుద్దు దిక్కును మార్చినచో వెనుకటి గీతలు పోయినవో లేదో తెలియును. మార్చుటకు ముందు పిడిని, చేతులను, నీటిని శుభ్రము చేయవలెను. 120 నంబరు రేణువొక్కటి మిగిలినను 600 నాటి శ్రమ వృథా.

తడి ఒక మాయ చేయును. తడిసిన పిడి ఎంత గరుకుగా నున్నను నిగనిగలాడు నలుపుతో పూర్తియైనట్లే కనబడును. ఆరిన పిమ్మట బూడిదరంగు గీతలు బయటపడును. కావున ప్రతి నంబరు వద్దను తుడిచి, ఆరబెట్టి, కిటికీ వెలుతురున వాలుగా పట్టి చూడవలెను. సూదిమొనంత రంధ్రములు కనబడినచో పలుచని సయనోయాక్రిలేట్ జిగురుతో పూడ్చి మరల రుద్దవలెను. లేనిచో మెరుగుపెట్టు తెల్లని ముద్ద వానిలో చేరి నల్లని నేలపై సున్నపు చుక్కలవలె నిలుచును.

2000 నంబరు వరకు పోయి గుడ్డచక్రముపై మెరుగుపెట్టినచో అద్దమువలె మెరయును. ఆ చక్రమునకు ఎక్కువసేపు ఒత్తిపట్టరాదు. వేడికి ఎపాక్సీ మెత్తబడును. అయినను అంత మెరుపు ఎవరికొరకు? బీరువాలో నుంచు చాకునకైతే సరియే. వంటింట చేపలు, మామిడికాయలు తరుగు చాకునకు మాత్రము 600 వద్ద ఆగుట మేలని నా యభిప్రాయము. అద్దపు నునుపు తడిచేతిలో జారును, జారిన చాకు వ్రేళ్లను తెగకోయును.

బల్లపై మూడు ముక్కలున్నవి: 220, 600, 2000 నంబర్ల వద్ద ఆపినవి. ప్రక్కనే నీటిగిన్నె, తువాలు ఉన్నవి. సోదరీమణులే ముందుగా వచ్చి, చేయి తడుపుకొని, మూడింటిని పట్టి చూడవలెనని కోరుచున్నాను.