కాపురం ఏ ఊళ్లో?

మావారికి రేపల్లె బదిలీ అయింది. "బాపట్లలో ఉందామోయ్, సముద్రం దగ్గర" అన్నారు. 2022లో జిల్లా కేంద్రమైంది, 1945 నాటి వ్యవసాయ కళాశాల ఉంది, కాదనలేను. కాని రైల్లో రేపల్లె వెళ్లాలంటే తెనాలిలో మారవలసిందేగా! పోనీ రేపల్లెలోనే ఉంటే ఆయనకు సుఖం. గుంటూరులో చదివే అమ్మాయికి రోజూ దూరాభారం. తెనాలి నుంచైతే ఇద్దరికీ రైళ్లున్నాయి.

అన్నట్టు, అద్దె ఇల్లు చూసేటప్పుడు గదులు లెక్కపెట్టే ముందు ఆ ఇంటి నీళ్లు చెంబెడు తెచ్చుకుని కందిపప్పు ఉడికించి చూడండి. ఉప్పునీళ్లయితే ఎంతసేపటికీ మెత్తబడదు. అలా నేను రెండిళ్లు వదిలేశాను.

చివరకు తెనాలిలోనే దిగాం. ఆయన చీకటితో లేచి రైలెక్కుతున్నారు. నేను అంతకన్నా ముందే లేచి క్యారియరు సర్దుతున్నాను. బాపట్ల మాట మాత్రం ఆయన ఇంకా వదల్లేదు.